ఏటా లక్ష నుంచి 50 వేల కోట్ల దాకా: విశాఖలో సైన్సుకు డబ్బు వచ్చిన దారి

గామా కిరణాలను కొలిచే జెర్మేనియం డిటెక్టర్ కింద పెద్ద ఫ్లాస్కులాంటిది ఒకటి ఉంటుంది. డ్యూవార్ అంటారు. దాదాపు ముప్ఫై లీటర్ల ద్రవ నైట్రోజన్ పడుతుంది, మైనస్ 196 డిగ్రీల చలి. పోస్తుంటే తెల్లటి పొగ నేల మీద పాకి కాళ్లను చుట్టుకుంటుంది. ఆదివారమైనా, సంక్రాంతి సెలవులైనా వారానికోసారి దాన్ని నింపాల్సిందే. నింపకపోతే లోపలి స్ఫటికం వేడెక్కి కొలత ఆగిపోతుంది. పదేపదే అలా జరిగితే లక్షల ఖరీదు చేసే పరికరమే పాడవుతుంది.

ఈ ఊళ్లో పరిశోధన చేసిన రోజుల్లో ఆ నింపే పని నాది. ఒకరోజు నైట్రోజన్ తెచ్చిన ట్రాలీ ఆటో గేటు దగ్గరే ఆగిపోయింది. "పాత బిల్లు ఇంకా రాలేదు బాబూ, దించొద్దని ఓనరు చెప్పాడు" అన్నాడు డ్రైవరు. మా ప్రాజెక్టు మూడేళ్లకు సాంక్షన్ అయింది. రెండో ఏడు రావాల్సిన వాయిదా మాత్రం తొమ్మిది నెలలుగా రాలేదు. ఆ వారం మా సార్ తన జేబులోంచి కట్టి దింపించారు. మరుసటి వారం ఏం చేయాలన్న టెన్షన్ అప్పుడే మొదలైంది.

సైన్సుకు ప్రభుత్వం ఎంత ఇస్తోందో బడ్జెట్ రోజున అందరూ రాస్తారు. ఎవరికి, ఎప్పుడు చేతికందుతోందో రాసేవాళ్లు తక్కువ. 2023లో పార్లమెంటు అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం చేసినప్పుడు ఐదేళ్లకు 50,000 కోట్లు అన్నారు. అందులో ప్రభుత్వం వేసేది 14,000 కోట్లు. మిగతా 36,000 కోట్లు కంపెనీలు, దాతలు, ప్రభుత్వం వెలుపలి ఇతర మార్గాల నుంచి రావాలి. సైన్సుకు దాతల డబ్బు అన్న మాట విశాఖకు కొత్త కాదు. మన ఊళ్లో సైన్సు మొదలైందే అలా.

డాబా గార్డెన్స్ మీదుగా రోజూ వేలమంది వెళ్తుంటారు. 1840 ప్రాంతంలో అక్కడ గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు తన ఇంటి ఆవరణలో ఖగోళ వేధశాల కట్టుకున్నాడు. ఆయన మద్రాసు వేధశాల అధిపతి టేలర్ దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1874లో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటిపోవడాన్ని ఇక్కడి నుంచే చూసి నమోదు చేశాడు. ఆకాశంతో పాటు రోజువారీ వాతావరణాన్నీ రాసిపెట్టేవారు. నరసింగరావు 1892లో పోయాక ఆయన భార్య అచ్చయ్యమ్మ 1894లో వేధశాలను మద్రాసు ప్రభుత్వానికి అప్పగించింది. అప్పగిస్తూ ఊరికే ఇవ్వలేదు, దాన్ని నడపడానికి నిధి కూడా కట్టింది. దూరదర్శిని ఉంటే చాలదనీ, రాత్రి రాత్రీ దాని దగ్గర కూర్చునే మనిషికి జీతం ఉండాలనీ ఆమెకు తెలుసు. ఈ కథ మొత్తంలో నాకు చాలా ఇష్టమైన మనిషి ఆవిడే.

1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్రా యూనివర్సిటీ, 1930లో విశాఖలోని వాల్తేరు చేరింది. సి.ఆర్.రెడ్డి, ఆయన తర్వాత రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్లు. సైన్సు కోర్సులు పెట్టాలంటే ల్యాబులు కావాలి, ల్యాబులకు డబ్బు కావాలి. ఇప్పటి ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తానన్నారు. 1930లలో లక్ష అంటే ఎంతో ఊహించుకోండి. సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. బీచ్ రోడ్డులోని హవా మహల్ ఆ జయపురం వాళ్లదే. ఆ లక్షలో నాకు ముఖ్యంగా కనిపించేది "ఏటా" అన్న మాట. వచ్చే ఏడు కూడా వస్తుందని తెలిసిన డబ్బు అది. అలాంటి డబ్బును నమ్ముకునే లెక్చరర్లను పిలవగలం, విద్యార్థిని మూడేళ్ల పనిలో దించగలం. 1932లో సి.వి.రామన్ శిష్యుడు సూరి భగవంతం ఇక్కడ ఫిజిక్స్‌లో చేరారు. తర్వాతి కాలంలో ఆయన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగానూ పనిచేశారు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యూనివర్సిటీ గుంటూరుకు తరలిపోయింది. అదే ఏడు సెప్టెంబరులో ఢిల్లీలో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి, సీఎస్ఐఆర్, పుట్టింది. సరకు రవాణా తెగిపోయిన యుద్ధకాలంలో రంగులు, రసాయనాలు, మందులు ఇక్కడే తయారు చేసుకోవాల్సిన అవసరం బ్రిటిష్ ప్రభుత్వానికి వచ్చిపడింది. వైస్రాయ్ మండలి సభ్యుడు ఆర్కాట్ రామస్వామి మొదలియార్ పట్టుబట్టి ఏడాదికి పది లక్షల చొప్పున ఐదేళ్లకు పారిశ్రామిక పరిశోధన నిధి పెట్టించారు. దాన్ని నడిపించిన శాస్త్రవేత్త శాంతి స్వరూప్ భట్నాగర్. దేశంలో సర్కారు డబ్బుతో పారిశ్రామిక పరిశోధన ఒక వ్యవస్థగా నిలబడింది అక్కడి నుంచే.

స్వాతంత్ర్యం వచ్చాక తీసుకున్న ఒక నిర్ణయం ఫలితం నేటికీ మన ఊళ్లో కనబడుతుంది. పరిశోధనకు పెద్ద డబ్బు యూనివర్సిటీలకు ఇవ్వాలా, విడిగా జాతీయ ప్రయోగశాలలు కట్టాలా? భట్నాగర్, అణుశక్తి కార్యక్రమాన్ని నడిపిన భాభా పట్టిన దారి రెండోది. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా మొత్తుకున్నారు: చదువు చెప్పే చోటి నుంచి పరిశోధనను విడదీస్తే రెండూ నష్టపోతాయని. నెహ్రూ ప్రభుత్వానికి తొందర ఉంది. ఆనకట్టలు, ఉక్కు, అణుశక్తి త్వరగా కావాలి. కొత్తగా కట్టిన సంస్థలో పని త్వరగా నడుస్తుందని అనుకున్నారు. 1958 మార్చి 4 నాటి శాస్త్ర విధాన తీర్మానం సైన్సును ప్రభుత్వ బాధ్యతగా ఒప్పుకుంది, అది చిన్న విషయం కాదు. కానీ డబ్బు ఎటు పారాలన్నది అప్పటికే తేలిపోయింది. యూనివర్సిటీలకు గ్రాంట్లిచ్చే యూజీసీ ఉంది, వాటి జీతాల భారం మాత్రం రాష్ట్రాల మీద పడింది.

అయినా ఆ రోజుల్లో వాల్తేరులో జరిగిన పని చూస్తే గర్వంగా ఉంటుంది. గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టి, సన్యాసం తీసుకుని, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర పనిచేసి వచ్చిన స్వామి జ్ఞానానంద ఇక్కడ అణు భౌతికశాస్త్రానికి ల్యాబు నిలబెట్టారు. 1956లో అది ప్రత్యేక శాఖ అయింది. జియాలజీలో రామన్ శిష్యుడే అయిన సి.మహదేవన్ ఉన్నారు. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వచ్చారు. యూనివర్సిటీకి సొంత ఓడ లేదు. నౌకాదళం తన ఓడల్లో చోటిచ్చింది. విద్యార్థులు వాటిలో వెళ్లి బంగాళాఖాతంలో లోతు లోతుకీ నీటి వేడిని, ఉప్పదనాన్ని కొలిచారు, అడుగు బురదను పైకి తీశారు. తర్వాత మన తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉన్న లోయల్లో ఒకదానికి ఆంధ్రా అని, ఇంకోదానికి మహదేవన్ అని పేర్లు పెట్టారు. బీచ్‌లో నిలబడి చూస్తే కనిపించవు గానీ ప్రపంచ పటాల్లో ఉన్నాయి.

1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వచ్చింది, దాని ప్రధాన కేంద్రం గోవా. దాని ప్రాంతీయ కేంద్రం ఇక్కడ లాసన్స్ బే కాలనీలో ఉంది. నౌకాదళ పరిశోధన కోసం రక్షణ పరిశోధన సంస్థ (డీఆర్‌డీఓ) కింద 1969లో ఎన్ఎస్‌టీఎల్ అనే ప్రయోగశాల పెట్టారు. ఎన్ఏడీ కొత్తరోడ్డు దగ్గర, విజ్ఞాన్ నగర్‌లో. వరుణాస్త్ర టార్పెడో అక్కడ పుట్టిందే. అది దేశానికి కావాల్సిన పని, ఆ ఖర్చును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ యూనివర్సిటీ ఉన్న మద్దిలపాలెం నుంచి కొత్తరోడ్డు దాకా బస్సులో వెళ్తే దేశం సైన్సు లెక్క మొత్తం ఆ దారిలో ఉంటుంది. 2020-21 లెక్కల ప్రకారం ప్రధాన కేంద్ర శాస్త్ర సంస్థలు పరిశోధనకు పెట్టిన ఖర్చులో రక్షణ పరిశోధన సంస్థదే 30.7 శాతం. దేశం మొత్తం పరిశోధన ఖర్చులో ఉన్నత విద్యాసంస్థల వాటా 8.8 శాతం, రాష్ట్ర ప్రభుత్వాల వాటా 6.7 శాతం. పీహెచ్‌డీ పిల్లలు ఎక్కువగా ఉండేది యూనివర్సిటీల్లో, డబ్బు ఎక్కువగా ఉండేది మరోచోట.

మొత్తం కూడా తక్కువే. ఆ ఏడు పరిశోధనకు దేశం ఖర్చు పెట్టింది 1,27,381 కోట్లు, జీడీపీలో 0.64 శాతం. రెండు శాతానికి చేరాలని 2003 విధానంలోనే రాసుకున్నాం, 2013లో మళ్లీ రాసుకున్నాం. అప్పటికి చైనా 2.4 శాతం దగ్గర ఉంది, దక్షిణ కొరియా 4.8 దగ్గర. ఆ దేశాల్లో కంపెనీలు ఎక్కువ పెడతాయి, నిజమే. మన దగ్గర ప్రైవేటు పరిశ్రమ వాటా 36 శాతమే. అయితే కంపెనీలు పెట్టడం లేదన్నది సర్కారు తన వాటా పెంచకపోవడానికి కారణం కాకూడదు.

యూనివర్సిటీ మాస్టారు పోటీపడి ప్రాజెక్టు తెచ్చుకునే పద్ధతి 1971లో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, డీఎస్‌టీ, వచ్చాక బలపడింది. 2008లో ఈ ప్రాజెక్టులకు డబ్బిచ్చే బోర్డు, సెర్బ్, కోసం చట్టం చేశారు. ఇప్పుడు దాన్ని పైన చెప్పిన అనుసంధాన్ ఫౌండేషన్‌లో కలిపేశారు. కాగితం మీద ఈ పద్ధతి మంచిదే. మంచి ఆలోచన ఉన్నవాడు ఏ ఊళ్లో ఉన్నా డబ్బు దొరకాలి. చిక్కంతా సాంక్షన్ లెటర్ వచ్చాకే. ఏడాది చివర యూసీ పంపాలి, అంటే డబ్బు ఎలా ఖర్చయిందో ధ్రువీకరణ. అది ఆడిట్ అయి, సంతకాలై, ఢిల్లీ చేరి, అక్కడ ఎవరైనా ఒక సందేహం రాస్తే మళ్లీ మొదటికి. అప్పటిదాకా తర్వాతి వాయిదా కదలదు. ఇదివరకు గ్రాంటు సంస్థ ఖాతాలో పడేది, కాస్త ఆలస్యమైనా ఉన్నదాంతో నెట్టుకొచ్చేవాళ్లు. 2021-22 తర్వాత జీరో బ్యాలెన్స్ ఖాతాలొచ్చాయి. ఇప్పుడు చేతిలో ఉండేది ఖర్చు పరిమితి, మార్చి 31 దాటితే అదీ పోతుంది. సర్కారు సొమ్ము బ్యాంకుల్లో ఊరికే పడి ఉండకూడదన్నది దాని ఉద్దేశం. అందులో న్యాయముంది. కానీ జనవరిలో పరిమితి ఇచ్చి మార్చిలోపు ఖర్చు పెట్టమంటే, మూడు కొటేషన్లు, పర్చేజ్ కమిటీ, విదేశం నుంచి రావాల్సిన విడిభాగం, వీటిలో ఏదీ అంత త్వరగా కదలదు.

పైగా నిబంధనలు మధ్యలో మారిపోతుంటాయి. ప్రభుత్వ పరిశోధన సంస్థలు కొనే పరికరాలకు 5 శాతమే జీఎస్‌టీ కట్టే రాయితీ ఉండేది, దాన్ని 2022 జులైలో ఎత్తేశారు. పాత లెక్కతో సాంక్షనైన ప్రాజెక్టులో హఠాత్తుగా 18 శాతం కట్టాల్సి వచ్చింది. 2024 జులై బడ్జెట్‌లో ల్యాబు రసాయనాల మీద కస్టమ్స్ సుంకం 150 శాతం చేశారు. గగ్గోలు పుట్టాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. 2025 జూన్‌లో మాత్రం కొనుగోలు నిబంధనలు సడలించి, ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ బయట కొనే స్వేచ్ఛ శాస్త్ర సంస్థల అధిపతులకు ఇచ్చారు. ఎన్నాళ్లుగానో అడిగిన మార్పు అది, మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి.

అదే ఏడు జులైలో కేంద్ర మంత్రివర్గం లక్ష కోట్ల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ నిధికి (ఆర్‌డీఐ) ఒప్పుకుంది. ప్రైవేటు కంపెనీలు పరిశోధన చేయడానికి తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక అప్పులు ఇవ్వడం అందులో ప్రధానం. పరవాడ మందుల కంపెనీ ఏదైనా దానితో కొత్త మందు తేవచ్చు, తేవాలి కూడా. కానీ బంగాళాఖాతం నీటి వేడిని ఏడాది పొడుగునా కొలిచే పనికి వడ్డీ కట్టేంత రాబడి ఉండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మనకు తెలిసొచ్చింది, ఈ సముద్రం గురించి ఎంత తెలిస్తే మనకు అంత మంచిదని. ఒక ఏడు డబ్బు లేక కొలవడం ఆపితే, ఆ ఏడాది లెక్క మళ్లీ ఎప్పటికీ దొరకదు. అలాంటి పనికి డబ్బిచ్చే దాత ఎవరు? 1894లో ఒకావిడ ఇచ్చింది, 1930లలో ఒక మహారాజు ఇచ్చారు. ఆ తర్వాత అది ప్రభుత్వం పని అని దేశమే నిర్ణయించుకుంది.

2018-19లో దేశమంతా స్కాలర్లు రోడ్డెక్కారు. పీహెచ్‌డీ పిల్లలకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, జేఆర్ఎఫ్, 25,000 నుంచి 31,000 అయింది. 2023 జనవరి నుంచి 37,000. ఎంవీపీ కాలనీలో గది అద్దె, మెస్సు, ఇంటికి పంపాల్సింది పోగా మిగిలేదేమీ ఉండదు గానీ, పెరిగింది. వాళ్లు అప్పుడు అడిగింది పెంపు ఒక్కటే కాదు. నెలనెలా సమయానికి వేయమని కూడా అడిగారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి, సముద్రపు బురదలో లోహాలు కొలుస్తుంది, ఆరు నెలలుగా ఫెలోషిప్ కోసం చూస్తోంది. నాన్న దగ్గర అప్పు తీసుకుని సాంపిల్స్ ఫ్రీజర్ రిపేరు చేయించింది.