డిబేట్ చూసినవాళ్లు ఏమన్నారు? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో డెమోక్రటిక్ ప్రైమరీ డిబేట్లు చూసినవాళ్లు ఏమనుకున్నారో కొలవడమే నా ఉద్యోగం. ప్రైమరీ అంటే, అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో రాష్ట్రాలు వేర్వేరు తేదీల్లో ఓటేసి తేల్చే పోటీ. డిబేట్‌కు ముందు కొంతమందిని అడుగుతాం, అయిపోయాక అదే మనుషుల్ని మళ్లీ అడుగుతాం, ఇంకొందరిని ఒక గదిలో కూర్చోబెట్టి, వింటున్న మాట నచ్చిందో లేదో తిప్పి చూపడానికి చేతికి డయల్ ఇస్తాం. నా పని ఇదని తెలిసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే, "ఇంతకీ ఎవరు గెలిచారు?" అని. సగం అపోహలు ఆ ప్రశ్నలోనే ఉన్నాయి.

అపోహ: వెబ్‌సైట్ పోల్‌లో ముందున్నవాళ్లే గెలిచినట్టు.

2015 అక్టోబర్ 13న లాస్ వేగస్‌లో హిల్లరీ క్లింటన్, బెర్నీ శాండర్స్ 2016 ఎన్నికల పోటీలో మొదటిసారి ఒకే డిబేట్ వేదిక ఎక్కారు. ఆ రాత్రి సైట్లు పెట్టిన క్లిక్ పోల్స్‌లో శాండర్స్ భారీగా ముందున్నారు. తర్వాతి రోజుల్లో శాంపిల్ తీసి చేసిన సర్వేల్లో మాత్రం ఎక్కువమంది క్లింటన్ బాగా చేసిందన్నారు. శాండర్స్ అభిమానులు మీడియా కుట్ర అన్నారు. కుట్రేం లేదండీ, పెళ్లి భోజనం ఎలా ఉందని పెళ్లివారినే అడిగితే ఏం చెబుతారు? క్లిక్ చేయడానికి వచ్చేది అభిమానే, పైగా లింకు ఇంకో పది గ్రూపుల్లో పెట్టి మరీ వస్తాడు. అలాగని క్లిక్ పోల్ దేనికీ పనికిరాదని కాదు, ఊపు ఎవరి వైపుందో చెబుతుంది. డిబేట్ అయిన కొన్ని గంటల్లోనే శాండర్స్‌కు 10 లక్షల డాలర్లకు పైగా చిన్న చందాలు వచ్చాయి, అది నిజమైన ఊపే. కానీ దాన్ని జనాభిప్రాయం అనకూడదు.

గూగుల్ సంగతీ అంతే. 2019 జూలై 30 డెట్రాయిట్ డిబేట్ అప్పుడు 50 రాష్ట్రాల్లో 49 చోట్ల జనం ఎక్కువగా వెతికింది పోటీలో ఉన్న రచయిత్రి మారియాన్ విలియమ్సన్ పేరు. మిగిలిన మోంటానాలో వాళ్లు, అదే డిబేట్‌లో ఉన్న తమ గవర్నర్ బుల్లక్‌నే వెతుక్కున్నారు. వెతకడం అంటే "ఎవరీవిడ?" అని, అంతే. 2020 జనవరిలో, ఎక్కడా ఒక్క ఓటు పడకముందే ఆమె తప్పుకున్నారు.

అపోహ: డిబేట్ గెలిస్తే ఓట్లు వచ్చినట్టే.

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మా ఫీల్డ్‌లో కొత్తగా చేరినవాళ్లు కూడా ఇక్కడే బోల్తా పడతారు. 2019 జూన్ 27, మయామి. ఒక కోటీ 81 లక్షల మంది చూశారు. పిల్లల్ని బస్సుల్లో వేరే ప్రాంతాల బడులకు పంపి నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ కలిపి చదివించే పద్ధతిని బైడెన్ 1970ల్లో వ్యతిరేకించిన విషయం కమలా హారిస్ ఎత్తారు, అలా బస్సెక్కి బడికెళ్లిన ఒక పాప గురించి చెప్పి "ఆ చిన్నపిల్లను నేనే" అన్నారు. గంటల్లో ఆ మాటతో టీషర్టులు అమ్మకానికొచ్చాయి. తర్వాత వచ్చిన సీఎన్ఎన్ సర్వేలో ఆమె 8 శాతం నుంచి 17కి ఎగబాకారు, బైడెన్ 32 నుంచి 22కి పడిపోయారు. ఇంతకన్నా స్పష్టంగా డిబేట్ గెలవడం నేను చూడలేదు. అయినా డిసెంబర్ 3న, అందరికన్నా ముందు ఓటేసే అయోవాలో ఓటింగ్‌కు రెండు నెలల ముందే, హారిస్ పోటీ నుంచి తప్పుకున్నారు.

ఎందుకిలా? ప్రైమరీలో అందరూ ఒకే పార్టీ, విధానాల్లో తేడాలు తక్కువ, చూసేవాళ్లకు ముగ్గురు నలుగురు నచ్చుతూ ఉంటారు. అందుకే ఒక్క రాత్రిలో తేలిగ్గా ఇటు వస్తారు, అంతే తేలిగ్గా అటు పోతారు. నవంబర్‌లో రెండు పార్టీల మధ్య జరిగే అసలు ఎన్నికల డిబేట్‌లో ఇలా జరగదు, అక్కడ పార్టీ పేరే సగం మందిని కదలనివ్వదు. అందుకే నేను "ఎవరు గెలిచారు" అన్న జవాబును చివర్లో చూస్తాను. ముందు చూసేది, ఆ అభ్యర్థి మీద మంచి అభిప్రాయం పెరిగిందా తగ్గిందా అని, ఆ తర్వాత "వీళ్లలో ఎవరెవరికి ఓటేసే ఆలోచన ఉంది" అన్న లిస్టులో కొత్తగా ఎవరు చేరారు, ఎవరు పోయారు అని.

ఇంకొకటి, క్యాలెండర్. 2020 ఫిబ్రవరి 19న లాస్ వేగస్ డిబేట్‌లో ఎలిజబెత్ వారెన్ మరో అభ్యర్థి, న్యూయార్క్ మాజీ మేయర్ బ్లూమ్‌బర్గ్‌ను ఉతికి ఆరేశారు. చూసినవాళ్లు ఒక కోటీ 97 లక్షలు, డెమోక్రటిక్ ప్రైమరీ డిబేట్లలో అప్పటికి అదే రికార్డు. మూడు రోజులకు, లాస్ వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో ఓటింగ్, వారెన్‌కు నాలుగో స్థానం. "అంత బాగా మాట్లాడితే ఇదేంటి?" అని అందరూ తలలు పట్టుకున్నారు. అక్కడ ముందస్తు ఓటింగ్ డిబేట్‌కు ముందు రోజే ముగిసింది! పాల్గొన్న లక్షా 5 వేల మందిలో దాదాపు 75 వేల మంది అప్పటికే ఓటేసి ఇంటికెళ్లారు. బ్లూమ్‌బర్గ్ అయితే ఆ రాష్ట్రం బ్యాలెట్‌లోనే లేరు. ఆయనకు దెబ్బ గట్టిగానే తగిలింది, కానీ లాభం కొట్టినావిడకు రాలేదు, బైడెన్‌కు పోయింది. ఎక్కువమంది పోటీలో ఉన్నప్పుడు ఒకరు కొడితే ఇంకొకరు పడతారు, బాగుపడేది మాత్రం పక్కన ఊరుకున్న మూడోవాడు.

ఒక్కోసారి కొట్టినవాళ్లకే తగులుతుంది కూడా. 2019 సెప్టెంబర్‌లో హ్యూస్టన్‌లో "రెండు నిమిషాల క్రితం చెప్పింది మర్చిపోయారా?" అని మరో అభ్యర్థి హులియాన్ కాస్ట్రో బైడెన్‌ను గుచ్చారు. హాల్లో గోల. డిబేట్‌కు ముందూ తర్వాతా అవే మనుషుల్ని అడిగిన ఫైవ్‌థర్టీఎయిట్ - ఇప్సోస్ సర్వేలో కాస్ట్రో మీద అభిప్రాయం దిగజారింది. హాల్లో వాళ్లను చూసి ఇళ్లలో వాళ్ల మనసు చెప్పేవాళ్లను నేను నమ్మను. టికెట్లు పార్టీ ద్వారా, అభ్యర్థుల బృందాల ద్వారా వెళ్తాయి, వాళ్లు వచ్చేదే అరవడానికి.

అపోహ: అలాగైతే డిబేట్లు శుద్ధ దండగ.

ఇది ఇంకా పెద్ద అపోహ. అయోవాలో ఐదో స్థానంలో మిగిలిన ఏమీ క్లోబుచార్, 2020 ఫిబ్రవరి 7న న్యూ హ్యాంప్‌షైర్ డిబేట్‌లో బాగా మాట్లాడారు. నాలుగు రోజులకు పోలింగ్, దాదాపు 20 శాతంతో మూడో స్థానం. అక్కడ చివరి రోజుల్లో మనసు మార్చుకున్నవాళ్లు చాలా ఎక్కువ, చిన్న రాష్ట్రం, అందరూ టీవీ ముందే ఉన్నారు. డిబేట్‌కు, ఓటుకు మధ్య ఎడం ఎంత తక్కువైతే ప్రభావం అంత ఎక్కువ. అదే ప్రసంగం జూలైలో చేసి ఉంటే ఆగస్టుకల్లా మర్చిపోయేవాళ్లు.

అపోహ: టీవీలో కదిలే ఆ గీత అబద్ధం చెప్పదు.

గదిలో వాళ్లు డయల్ తిప్పుతుంటే డిబేట్ నడుస్తుండగానే టీవీ తెర మీద పైకీ కిందికీ కదిలే గీత గురించి. సున్నా నుంచి 100 వరకు తిప్పే బటన్, నచ్చితే పైకి, నచ్చకపోతే కిందికి. గదిలో కూర్చున్నవాళ్లంతా డెమోక్రాట్లే అయినప్పుడు ఆరోగ్య బీమా, గర్భస్రావ హక్కు అని ఎవరు పలికినా, ట్రంప్‌ను ఎవరు తిట్టినా గీత పైకే పోతుంది. అది పార్టీ మీద ప్రేమ, ఆ అభ్యర్థి మీద కాదు. కాబట్టి 50 కన్నా ఎంత పైన ఉందో చూసి లాభం లేదు, అదే విషయం మీద పక్క అభ్యర్థి గీత కన్నా పైన ఉందా అన్నదే చూడాలి. పైగా చెయ్యి మాట కన్నా కొన్ని సెకన్లు వెనకబడుతుంది, టీవీ వాళ్లు ఒక్కోసారి గీత ఎగిసిన క్షణాన్ని తప్పు వాక్యానికి అంటగడతారు.

ఇక మన వాట్సాప్ గ్రూపులు. "మా గ్రూప్‌లో పోల్ పెడితే ఫలానా ఆవిడే గెలిచింది" అని స్క్రీన్‌షాట్లు పంపుతుంటారు. ఆ గ్రూపులో హెచ్1బీ మీద ఉన్నవాళ్లెంతమంది, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూసేవాళ్లెంతమంది, ఇండియాలో పొద్దున ఆరున్నరకు కాఫీ తాగుతూ చూసినవాళ్లెంతమంది? వాళ్లెవరికీ ఓటు లేదు. పౌరసత్వం ఉన్నవాళ్ల సంగతి చూసినా, ఏ రాష్ట్రంలో ఉన్నారన్నది ముఖ్యం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లకు టెక్సస్ ముందస్తు ఓటింగ్ 2020 ఫిబ్రవరి 18 నుంచి 28 దాకా, అంటే 19న లాస్ వేగస్, 25న చార్ల్‌స్టన్ డిబేట్లు రెండూ ఓటు వేసే రోజుల్లోనే వచ్చాయి. పైగా టెక్సస్‌లో ముందుగా పార్టీలో పేరు నమోదు చేసుకోవాల్సిన పని లేదు. అదే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మనవాళ్లు ఆ డిబేట్ల రాత్రుల్లో ఎంత వాదించుకున్నా, కోవిడ్ వల్ల వాయిదా పడిన న్యూజెర్సీ ప్రైమరీ జూలై 7న జరిగింది, అప్పటికి శాండర్స్ తప్పుకొని మూడు నెలలు.