కాఫీ పోసిన తీరు నచ్చక తీసేశారట

2010 మే 1న హెలెన్ వాగ్నర్ తన 91వ ఏట కన్నుమూశారు. అప్పటికి ఆమె 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' అనే అమెరికా సీరియల్‌లో నాన్సీ హ్యూస్. 1956 ఏప్రిల్ 2న, ఆ సీరియల్ మొదలైన రోజున కూడా ఆమే నాన్సీ. మధ్యలో కొంత విరామాన్ని పక్కన పెడితే 54 ఏళ్లు ఒకే పాత్ర. ఆ పాత్రను సృష్టించిన రచయిత్రి ఆమెను మొదటి నెలల్లోనే తీసేసిందని, కారణం వంటింటి సన్నివేశంలో ఆమె కాఫీ పోసిన తీరు నచ్చకపోవడమేనని చెబుతారు. తరువాత వెనక్కి పిలిచారు. అంతటి పట్టింపు గల రచయిత్రి ఎవరో, కాఫీకి అంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే రేడియో కాలానికి వెళ్లాలి.

ఆమె పేరు అర్నా ఫిలిప్స్, ఒకప్పటి బడిపంతులమ్మ. 1930లో షికాగోలోని డబ్ల్యూజీఎన్ రేడియో కోసం 'పెయింటెడ్ డ్రీమ్స్' అనే రోజువారీ కథ రాసింది. ఇలాంటి కథలకు డబ్బు పెట్టినవారు సబ్బుల కంపెనీలవారు, అందులోనూ ముఖ్యంగా ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్. సోప్ ఒపేరా అనే వెక్కిరింపు పేరు అలా అంటుకుంది. ఇంటిపని చేసుకుంటున్న స్త్రీ చెవులు మాత్రం అప్పగించినా కథ అర్థం కావాలన్నది ఫిలిప్స్ లెక్క. అందుకే ఆమె కథల్లో సంఘటనలకంటే మాటలెక్కువ. ఆ మాటలన్నీ వంటగదిలోనే, కప్పుల మధ్యే. టెలివిజన్‌కు వచ్చాక కూడా ఆమె ఈ పద్ధతి వదలలేదు. అప్పటివరకు పగటి సీరియల్ అంటే పావుగంట. 'యాజ్ ద వరల్డ్ టర్న్స్', అదే రోజున మొదలైన 'ది ఎడ్జ్ ఆఫ్ నైట్' దాన్ని అరగంట చేశాయి. అరగంట సేపు తాపీగా సాగే సంభాషణలో కాఫీ పోయడం కూడా నటనే అవుతుంది. రచయిత్రి కోపం నాకైతే మరీ వింతగా అనిపించదు.

ఆ అరగంటా ప్రత్యక్ష ప్రసారమే. పొద్దున సాధన, మధ్యాహ్నం ప్రసారం. మాట తడబడితే దేశమంతా వింటుంది. దీనికి సినిమా నటులు పనికిరారు. రాత్రి ఇచ్చిన పుటలను పొద్దునకు కంఠస్థం చేసి, ఆపకుండా ఆడగలిగినవారు కావాలి. అలాంటివారు న్యూయార్క్‌లో, బ్రాడ్‌వే నాటకశాలల చుట్టూ కావలసినంతమంది ఉన్నారు. వాగ్నర్ కూడా ఆ దారినే వచ్చారు. టెక్సస్‌లోని లబక్‌లో పుట్టి, ఇల్లినాయ్‌లోని మన్మత్ కళాశాలలో చదివి, న్యూయార్క్ చేరి రంగస్థలం మీద పాడారు, ఆడారు. భర్త కూడా నాటకరంగం మనిషే. ఈ నటులకు పగలు స్టూడియో, రాత్రి నాటకశాల. ఆ సీరియల్‌లోనే లీసా పాత్ర వేసిన ఐలీన్ ఫుల్టన్ ఒక దశలో పగలు ప్రత్యక్ష ప్రసారంలో నటిస్తూనే, 'హూజ్ అఫ్రెయిడ్ ఆఫ్ వర్జీనియా ఊల్ఫ్' మధ్యాహ్నపు ఆటల్లోనూ, రాత్రి 'ద ఫెంటాస్టిక్స్' లోనూ ఆడారు. జేమ్స్ ఎర్ల్ జోన్స్ కూడా 1960లలో ఈ సీరియల్‌లో డాక్టర్ వేషం వేశారు. కొన్నేళ్లకే బ్రాడ్‌వే నాటకాలకిచ్చే పెద్ద పురస్కారం, టోనీ అవార్డు, అందుకున్నారు.

ప్రత్యక్ష ప్రసారం అంటే ఏమిటో 1963 నవంబరు 22 చూపించింది. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఆట మొదలైంది. నాన్సీ, ముసలి మామగారు పండుగ విందుకు ఎవరిని పిలవాలన్న మాటల్లో ఉన్నారు. 1.40కి తెర మీద వార్తా ప్రకటన పడి, ఆ ఛానల్ వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్ గొంతు వినిపించింది: డల్లస్‌లో అధ్యక్షుడు కెనెడీ మీద కాల్పులు జరిగాయని. ఆ కాలపు కెమెరా వేడెక్కితేగాని బొమ్మ చూపదు, వార్తాగదిలోది ఇంకా వేడెక్కలేదు, అందుకే గొంతు మాత్రమే. స్టూడియోలో నటులకు ఈ సంగతి తెలియదు. వారు తమ సన్నివేశం ఆడుకుంటూ పోయారు. ఎదుట ప్రేక్షకులు లేని రంగస్థలం అది, చప్పట్లు ఎలాగూ ఉండవు. ఆ రోజు చూసేవాళ్లు లేచి వెళ్లిపోయినా తెలియలేదు.

1975లో ఆ సీరియల్ గంటకు పెరిగింది, ముందుగా చిత్రీకరించే పద్ధతికి మారింది. అయినా స్టూడియోలు న్యూయార్క్‌లోనే ఉండటం వల్ల రంగస్థలంతో బంధం తెగలేదు. తెంచింది కాలమే. పగలు ఇంట్లో ఉండే స్త్రీల సంఖ్య తగ్గింది, ఛానళ్లు పెరిగాయి, మాటల కార్యక్రమాలు చౌకగా తయారవుతున్నాయి. 'అనదర్ వరల్డ్' 1999లో ఆగింది. రేడియోలో 1937 నుంచీ నడిచి టెలివిజన్‌కు వచ్చిన 'గైడింగ్ లైట్' 2009లో ముగిసింది. 2010 సెప్టెంబరు 17న 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' వంతు. మొదటి రోజు మొదటి మాట వాగ్నర్‌దే: "గుడ్ మార్నింగ్, డియర్". చివరి మాట నాన్సీ కొడుకు బాబ్ పాత్రధారి డాన్ హేస్టింగ్స్ చెప్పాడు: "గుడ్ నైట్". 2012 జనవరి 13న ఏబీసీలో 'వన్ లైఫ్ టు లివ్' కూడా ఆగడంతో న్యూయార్క్‌లో తయారయ్యే పగటి సీరియల్ మరొకటి నెట్‌వర్కుల్లో మిగల్లేదు.

ఇప్పుడు అక్కడి నాటక నటులకు టెలివిజన్ పని అంటే ఎక్కువగా నేర పరిశోధన సీరియల్‌లో ఒక ఎపిసోడ్: ఒక సాక్షి, ఒక లాయరు, తరచుగా ఒక శవం. ఆ డబ్బు కొన్నాళ్లు ఇంటి అద్దెకు సరిపోతుంది. వాగ్నర్‌కు నాన్సీ ఇచ్చింది వేరు. వచ్చే ఏడాది కూడా జీతం ఉంటుందన్న భరోసా, దాంతోపాటు జీతం సరిగా రాని నాటకానికి కూడా ఒప్పుకోగల తీరిక.