చెవితో పాడే పిట్టలు

కోకిల పిల్ల కాకి గూట్లో పెరుగుతుందని అందరికీ తెలుసు. గుడ్డులోంచి బయటపడ్డప్పటి నుంచి దాని చెవిన పడేది కాకి గోలే, అయినా పెద్దయ్యాక అది కాకిలా అరవదు, కోకిలలాగే కూస్తుంది. ఆ కూత పుట్టుకతో వచ్చింది, ఎవరూ నేర్పక్కర్లేదు. శాస్త్రజ్ఞులు గానపక్షులు అని పిలిచే వర్గంలో కోకిల లేదు. దాన్ని పెంచిన కాకి మాత్రం ఉంది!

నాలుగు వేలకు పైగా జాతులున్న ఈ గానపక్షుల వర్గం ప్రత్యేకత ఏమిటంటే, ఇవి తమ పాటను విని నేర్చుకుంటాయి. 1950లలో కేంబ్రిడ్జ్‌లో విలియం థోర్ప్ అనే శాస్త్రజ్ఞుడు చాఫించ్ అనే పిట్ట పిల్లల్ని పెద్దపక్షుల పాట చెవిన పడకుండా పెంచి చూశాడు. అవి పాడాయి, కానీ అది ఆ జాతి పాటలా లేదు, పొందిక లేని మొరటు పాట. 1965లో మసకాజు కొనిషి అమెరికాలో ఉండే ఒక జాతి పిచ్చుకలతో ఇంకో సంగతి తేల్చాడు. పిల్లలు పెద్దల పాట విన్నాక, తాము పాడటం మొదలుపెట్టక ముందే, వాటికి వినికిడి లేకుండా చేశాడు. గురువు పాట అప్పటికే విన్నాయి, గొంతుకి ఏ లోపమూ లేదు, అయినా సరైన పాట రాలేదు. అంటే గురువు పాట వింటే సరిపోదు, తన గొంతు తనకి వినపడాలి. నాకు ఈ మొత్తం కథలో కీలకం ఇదే అనిపిస్తుంది.

పాడే మెదడు గురించి ఎక్కువగా తెలిసింది జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్ట వల్ల. దీంట్లో మగపక్షే పాడుతుంది. పిల్ల సాధారణంగా తండ్రి పాటను మనసులో పెట్టుకుని, తర్వాత చంటిపిల్లల వచ్చీరాని మాటల్లాంటి కిచకిచలతో మొదలుపెట్టి, వేల సార్లు పాడి పాడి, సుమారు 90 రోజుల వయసుకి ఒక స్థిరమైన పాటకు చేరుకుంటుంది. ఆ తర్వాత జీవితాంతం దాదాపు అదే పాట.

ఆ పాట కాలాన్ని నడిపేది మెదడులో హెచ్‌విసి అనే చిన్న ముద్ద, న్యూరాన్ల (నాడీకణాల) గుంపు. పాటకి సంబంధించిన ఇలాంటి కేంద్రాలను 1970లలో కెనరీ పక్షుల్లో గుర్తించింది ఫెర్నాండో నోటెబోమ్ బృందం. హెచ్‌విసి నుంచి కిందికి, అంటే ఆర్ఏ అనే ఇంకో కేంద్రానికి కబురు పంపే న్యూరాన్లు భలే పొదుపరులని 2002లో తెలిసింది: సెకను లోపు ముగిసే పాటలో ఒక్కో న్యూరాన్ ఒకే ఒక్క క్షణంలో, కొన్ని మిల్లీసెకన్ల పాటు మాత్రమే పనిచేసి ఊరుకుంటుంది, తర్వాతి క్షణం ఇంకో న్యూరాన్ వంతు, ఆ తర్వాత మరొకటి, ఇలా పాటంతా ఒక వరుసలో సాగిపోతుంది. అయితే గడియారం నిజంగా ఇక్కడే ఉందా? 2008లో మైకేల్ లాంగ్, మిషేల్ ఫీ హెచ్‌విసిని కొన్ని డిగ్రీలు చల్లబరిచి చూశారు. పాట మొత్తం సాగింది! స్వరాలు అవే, వరుస అదే, నడక మాత్రం నెమ్మదించింది. ఆర్ఏని చల్లబరిస్తే పెద్దగా తేడా రాలేదు. అంటే గడియారం హెచ్‌విసిలోనే ఉందన్నమాట. ఇంత సూటిగా జవాబిచ్చే ప్రయోగాలు మెదడు పరిశోధనలో అరుదు.

ఆర్ఏ నుంచి కబురు ఊపిరి కండరాలకీ, సిరింక్స్‌కీ వెళ్తుంది. సిరింక్స్ అంటే పక్షి స్వరపేటిక, కాకపోతే అది మనలా గొంతు పైన ఉండదు, గాలిగొట్టం కింద రెండుగా చీలే చోట ఉంటుంది. రెండు వైపులనూ వేర్వేరుగా వాడుకోవచ్చు. కార్డినల్ అనే పక్షి కింది స్థాయి స్వరాలు ఎడమ వైపుతో, పై స్థాయి స్వరాలు కుడి వైపుతో పలికిస్తుంది, మధ్యలో అతుకు మన చెవికి తెలియనే తెలియదు.

మరి పిల్ల పిట్ట కిచకిచలు ఎక్కడివి? ఎల్‌మ్యాన్ అనే మరో కేంద్రం పాటలో కావాలని తడబాటు కలుపుతుంది. దాన్ని తాత్కాలికంగా ఆపేస్తే పిల్ల పాట ఒక్కసారిగా మార్పు లేకుండా గీత గీసినట్టు వస్తుందని 2005లో చూపించారు. పొరపాటు పడగలగడం నేర్చుకోవడానికి అంత అవసరం కాబట్టే దానికోసం మెదడులో విడిగా ఒక చోటు ఉంది. పెద్ద పక్షిలోనూ ఇది పూర్తిగా ఆగిపోదు. మగ జీబ్రా ఫించ్ ఒంటరిగా పాడుకునేటప్పుడు స్వరాలు కాస్త అటూఇటూ ఊగుతాయి, అదే ఆడపక్షి ఎదురుగా ఉంటే ఎల్‌మ్యాన్ చేసే మార్పులు తగ్గి పాట బిగువుగా వస్తుంది. ఒకటి సాధన, ఇంకొకటి కచేరీ.

తప్పొప్పులు చెప్పేది డోపమైన్ అనే మెదడు రసాయనం. 2016లో ఒక ప్రయోగంలో పాడుతున్న పిట్టకి ఒకే స్వరం దగ్గర, కొన్నిసార్లు మాత్రమే, దాని గొంతు చెడినట్టు వినిపించేలా శబ్దం కలిపారు. అలా వినిపించినప్పుడు డోపమైన్ న్యూరాన్ల చురుకు పడిపోయింది, చెడుతుందేమో అనుకున్న చోట సవ్యంగా వినిపిస్తే పెరిగింది. గింజ పెట్టలేదు, నీళ్లు పెట్టలేదు, శిక్ష లేదు. తన పాట తను అనుకున్నట్టు వచ్చిందా లేదా అన్నదే దానికి బహుమతి.

పాడటానికీ వినడానికీ మెదడులో మధ్య గోడ లేదనడానికి ఇంకో సాక్ష్యం 2008లో దొరికింది. స్వాంప్ స్పారో అనే పిచ్చుక హెచ్‌విసిలో కొన్ని న్యూరాన్లు అది ఒక స్వరం పాడినప్పుడూ, అదే స్వరాన్ని వేరే పక్షి నోట విన్నప్పుడూ ఒకేలా స్పందిస్తాయి. ఆడ కెనరీల్లో ఇదే హెచ్‌విసి దెబ్బతింటే తమ జాతి పాటకీ వేరే జాతి పాటకీ తేడా పట్టించుకోవడం మానేశాయని 1991లోనే తేలింది. పాడే కేంద్రమే వినడంలోనూ భాగం పంచుకుంటోందన్నమాట.

ఇంతకీ అవి వింటున్నది మనం వింటున్నదేనా? కాదు. మనం పిట్ట పాటలో రాగం వెతుకుతాం, ఏ స్వరం తర్వాత ఏది వచ్చిందో చూస్తాం. జీబ్రా ఫించ్‌కి స్వరాల వరుస తారుమారు చేసి వినిపిస్తే ఆ తేడా పట్టుకోవడానికి బాగా కష్టపడుతుంది, కానీ ఒకే ఒక్క స్వరాన్ని వెనక నుంచి ముందుకి తిప్పి పెడితే, మనకి రెండూ దాదాపు ఒకేలా వినపడే చోట కూడా, అది ఇట్టే పట్టేస్తుంది.