ఫ్రేమ్‌వర్క్‌లోనే వెబ్ సర్వీసులు: అపోహలు - వాస్తవాలు

వెబ్ సర్వీసుల (నెట్‌వర్క్ ద్వారా ఒక అప్లికేషన్ మరో అప్లికేషన్‌కు అందించే సేవల) సదుపాయాన్ని ఫ్రేమ్‌వర్క్‌లో (అప్లికేషన్లు కట్టడానికి వాడే సిద్ధమైన కోడ్ చట్రంలో) అంతర్భాగంగా చేర్చాలన్న ప్రతిపాదనను నేను గట్టిగా సమర్థిస్తాను. ప్రతి ప్రాజెక్టులోనూ ఎవరికి వారు హెచ్‌టీటీపీ (వెబ్‌లో సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) రిక్వెస్టులను విడమర్చుకుంటూ, ఎర్రర్లను తమకు తోచిన రూపంలో తిప్పి పంపుకుంటూ పోతే, ఒకే సంస్థలోని రెండు అప్లికేషన్లకు కూడా పొంతన కుదరదు. అయితే ఈ సదుపాయం నుంచి ఏమి ఆశించాలన్న విషయంలో చాలామంది పొరబడుతున్నారు. ఫ్రేమ్‌వర్క్ నిర్మాణంలో పనిచేసే వ్యక్తిగా నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: ఉన్న క్లాసుకు (డేటానూ, దానిమీద చేసే పనులనూ కలిపి ఉంచే కోడ్ భాగానికి) ఒక యానొటేషన్ (కోడ్‌కు తగిలించే గుర్తు) తగిలిస్తే అదే వెబ్ సర్వీసు అయిపోతుంది.

వాస్తవం: డెమోలో అలా అవుతుంది. అప్లికేషన్ లోపలి క్లాసును మన సౌలభ్యం కొద్దీ ఎప్పుడైనా మారుస్తాం. బయటి క్లయింట్‌కు (మన సర్వీసును వాడుకునే ప్రోగ్రామ్‌కు) ఇచ్చిన ఒప్పందాన్ని మాత్రం వారికి చెప్పకుండా మార్చకూడదు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేస్తే, ఖాతాదారు క్లాసులో ఒక ఫీల్డ్ పేరు సరిదిద్దిన రోజునే ఎక్కడో ఒక మొబైల్ యాప్ పనిచేయడం మానేస్తుంది. లేదా పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ను మార్చి దాచే రూపం) కోసం కొత్తగా చేర్చిన ఫీల్డ్ ఎవరూ అడగకుండానే రెస్పాన్స్‌లో బయటికి వెళ్లిపోతుంది. బయటికి వెళ్లే ఫీల్డులను డెవలపర్ పేరుపేరునా ప్రకటించి తీరాలని ఫ్రేమ్‌వర్కే పట్టుబట్టాలి. అందుకు నాలుగు లైన్లు ఎక్కువ రాయవలసి వచ్చినా నష్టం లేదు.

డేటా రకాల విషయంలో చిక్కు మరింత సూక్ష్మంగా ఉంటుంది. సర్వర్‌లో 64 బిట్ల పూర్ణాంకంగా ఉన్న 9007199254740993 అనే ఆర్డర్ నంబరు జేసన్‌లో (డేటాను అక్షరరూపంలో రాసి పంపే పద్ధతిలో) సంఖ్యగానే వెళ్లిందనుకుందాం. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్ దాన్ని మామూలు పద్ధతిలో చదివితే 9007199254740992 అవుతుంది, ఎందుకంటే ఆ భాషలోని సాధారణ సంఖ్యారకం 9007199254740991 వరకే పూర్ణాంకాలను తేడా రాకుండా నిలుపుకోగలదు. ఎక్కడా ఎర్రర్ కనిపించదు, కానీ తెరుచుకునేది వేరొకరి ఆర్డర్ కావచ్చు. ఇలాంటి నంబర్లను స్ట్రింగ్ (అక్షరాల వరుస) రూపంలో పంపే ఏర్పాటు ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉంటే ఈ లోపాన్ని ప్రతి ప్రాజెక్టూ విడిగా కనుక్కోవలసిన అవసరం ఉండదు.

అపోహ: అవతలి సర్వీసును పిలవడం లోపలి ఫంక్షన్‌ను పిలిచినంత తేలిక కావాలి.

వాస్తవం: రాయడానికి తేలికగా ఉండవచ్చు గానీ, మధ్యలో నెట్‌వర్క్ ఉన్నదన్న సంగతిని కప్పిపుచ్చకూడదు. చెల్లింపు రిక్వెస్టు సర్వర్‌కు చేరి, డేటాబేస్‌లో నమోదై, రెస్పాన్స్ మాత్రం దారిలో పోయిందంటే, ఆ క్లయింట్‌కు పని జరిగిందో లేదో తెలిసే మార్గం లేదు. హెచ్‌టీటీపీ నిబంధనల ప్రకారం పుట్ (ఉంచడం), డిలీట్ (తొలగించడం) అనే రిక్వెస్టు పద్ధతులను ఎన్నిసార్లు పంపినా ఒకసారి పంపినప్పటి ఫలితమే ఉండాలి. సమాచారాన్ని సర్వర్‌కు పంపే పోస్ట్ అనే పద్ధతికి ఆ హామీ లేదు. కాబట్టి విఫలమైన పోస్ట్‌ను తనంతట తానే మళ్లీ పంపే ఫ్రేమ్‌వర్క్ రెండోసారి డబ్బు కోత పడేలా చేయగలదు. టైమ్‌అవుట్ (జవాబు కోసం వేచి ఉండే గడువు) సంగతీ అంతే. పైథాన్‌లో విరివిగా వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీలో మనం చెప్పకపోతే టైమ్‌అవుట్ ఉండదు. అవతలివైపు స్పందన ఆగిపోతే మన థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఆ పని చేస్తున్న భాగం) కూడా అక్కడే నిలిచిపోతుంది. ఫ్రేమ్‌వర్క్ ఇచ్చే క్లయింట్‌కు మాత్రం డిఫాల్ట్‌గానే ఒక గడువు ఉండితీరాలి.

అపోహ: ఫ్రేమ్‌వర్క్‌తో వచ్చినది కాబట్టి భద్రత గురించి చింత లేదు.

వాస్తవం: రూబీ ఆన్ రెయిల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో 2013 జనవరిలో బయటపడిన సీవీఈ-2013-0156 (భద్రతా లోపాల జాబితాలోని నంబరు) లోపాన్ని ఈ రంగంలో ఉన్నవారందరూ చదవాలని నా కోరిక. రిక్వెస్టులో వచ్చిన ఎక్స్‌ఎంఎల్‌ను (ట్యాగులతో డేటా రాసే పద్ధతి) పారామితులుగా మార్చే సదుపాయం అందులో డిఫాల్ట్‌గా పనిచేస్తూ ఉండేది. ఆ ఎక్స్‌ఎంఎల్‌లో యామల్‌ను (డేటా రాసే మరో పద్ధతి) పొదిగి పంపితే సర్వర్‌లో దాడి చేసినవారి కోడ్ నడిచే అవకాశం ఏర్పడింది. ఎక్స్‌ఎంఎల్‌ను ఎన్నడూ వాడని అప్లికేషన్లు కూడా ప్రమాదంలో పడ్డాయి, ఎందుకంటే ఆ తలుపు తెరిచే ఉందని వాటిని రాసినవారిలో చాలామందికి తెలియదు. తర్వాత రెయిల్స్ 4.0లో ఆ పార్సర్‌ను (ఎక్స్‌ఎంఎల్‌ను చదివే భాగాన్ని) ప్రధాన భాగం నుంచి తీసి విడి జెమ్‌గా (రూబీ ప్యాకేజీగా) మార్చారు. సదుపాయం చేర్చేటప్పుడు అడిగినవారికే అది తెరుచుకోవాలి. రిక్వెస్టు పరిమాణానికీ, లోపలి అంచెల లోతుకూ మొదటి నుంచే హద్దులు ఉండాలి.

అపోహ: ఒకసారి చేర్చితే ఎప్పటికీ ఉంటుంది.

వాస్తవం: 2006లో జావా 6తో పాటు వచ్చిన జాక్స్-డబ్ల్యూఎస్ అనే వెబ్ సర్వీసుల సదుపాయాన్ని 2018లో జావా 11 నుంచి తొలగించారు. సోప్ (ఎక్స్‌ఎంఎల్ సందేశాలతో నడిచే ప్రోటోకాల్) సర్వీసుల కోసం దాని మీద ఆధారపడినవారు విడి లైబ్రరీని తెచ్చుకోవలసి వచ్చింది. ప్రోటోకాల్ భాగాన్ని విడిగా విడుదలయ్యే ప్యాకేజీగా ఉంచి, రూటింగ్ (ఏ రిక్వెస్టును ఏ కోడ్ చూడాలో నిర్ణయించడం), ఎర్రర్ల రూపం, గడువుల వంటి ఉమ్మడి అంశాలను మాత్రమే ప్రధాన భాగంలో పెట్టడం మేలని నేను భావిస్తాను.

అపోహ: ఓపెన్ ఏపీఐ వివరణ పత్రం (సర్వీసు ఏమి తీసుకుని ఏమి ఇస్తుందో చెప్పే పత్రం) కోడ్ నుంచి దానంతటదే తయారవుతుంది కాబట్టి ఒప్పందం భద్రంగా ఉన్నట్టే.

వాస్తవం: కోడ్ మారితే ఆ పత్రమూ చప్పుడు లేకుండా మారిపోతుంది. గత విడుదలలోని పత్రాన్ని రిపాజిటరీలో (కోడ్ భద్రపరిచే చోట) దాచి, కొత్తదాన్ని దానితో పోల్చే పరీక్షను ఫ్రేమ్‌వర్కే అందించాలి. ఒక ఫీల్డ్ మాయమైనా, ఐచ్ఛికంగా ఉన్న పారామితి తప్పనిసరిగా మారినా బిల్డ్ (కోడ్‌ను విడుదలకు సిద్ధం చేసే ప్రక్రియ) అక్కడే ఆగాలి.