ఎండకు చర్మం కమలడం: అపోహలు, వాస్తవాలు

చర్మవైద్యుల దగ్గరికి ఎండ వల్ల వచ్చే సమస్యలతో రోగులు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. వాటిలో చాలా భాగం ఒకే పొరపాటు అంచనా వల్ల ముదిరినవే. ఎండ తీవ్రతను మనం ఒంటికి తగిలే వేడినిబట్టీ, కళ్లకు కొట్టే వెలుతురునుబట్టీ అంచనా వేసుకుంటాం. చర్మాన్ని దెబ్బతీసే అతినీలలోహిత కిరణాలు కంటికి కనిపించవు, వేడిగానూ తెలియవు, పైగా వాటి ఫలితం అప్పటికప్పుడు బయటపడదు. ఇకపై చెప్పే అపోహల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే.

అపోహ: చర్మాన్ని కాల్చేది ఎండలోని వేడి. చల్లగా ఉన్న రోజున, మబ్బు పట్టిన రోజున భయం లేదు.

వాస్తవం: వేడికీ చర్మం కమలడానికీ సంబంధం లేదని రెండు వందల ఏళ్ల క్రితమే ఒక తేలికైన ప్రయోగం చూపించింది. 1820 ప్రాంతంలో బ్రిటిష్ శస్త్రవైద్యుడు ఎవరార్డ్ హోమ్ తన చేతులను ఎండలో ఉంచి, ఒకదాన్ని నల్లగుడ్డతో కప్పి, రెండోదాన్ని అలాగే వదిలేశాడు. నల్లగుడ్డ కింద వేడి ఎక్కువగా ఉన్నా ఆ చేతికి ఏమీ కాలేదు, కప్పని చేతికి మాత్రం బొబ్బలు లేచాయి. కంటికి కనిపించని ఈ కిరణాల ఉనికిని జర్మన్ శాస్త్రవేత్త రిట్టర్ 1801లోనే గుర్తించాడు.

నేలను చేరే అతినీలలోహిత కిరణాల్లో సుమారు 95 శాతం యూవీఏ, మిగిలినది యూవీబీ. చర్మాన్ని ఎర్రగా కమిలేలా చేయడంలో ప్రధాన పాత్ర యూవీబీది. యూవీఏ మరింత లోతుకు చొచ్చుకుపోయి ముడతలు, మచ్చలు, చర్మం సాగిపోవడం వంటివాటికి కారణమవుతుంది. పలుచని మబ్బు ఈ కిరణాల్లో అధిక భాగాన్ని ఆపలేదు. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు వాటి తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది, తాజా మంచు తన మీద పడిన కిరణాల్లో 80 శాతం వరకు తిప్పికొడుతుంది. అందుకే గడ్డకట్టే చలిలో కొండలెక్కినవారి ముఖం, ముఖ్యంగా గడ్డం కింది భాగం, ముక్కు రంధ్రాల చుట్టూ ఉన్న చర్మం కమిలిపోయి కనిపిస్తుంది. చల్లగాలి హాయిగా తగులుతున్నంతసేపూ నీడలోకి వెళ్లాలన్న ఆలోచన రాదు కాబట్టి, అలాంటి రోజునే ఎక్కువసేపు ఎండలో ఉండిపోతాం.

ఉష్ణోగ్రతకు బదులు చూడవలసినది అతినీలలోహిత కిరణాల తీవ్రతను అంకెల్లో చెప్పే యూవీ సూచీ. వాతావరణ సమాచారం ఇచ్చే చాలా ఫోన్ యాప్‌లలో ఇది ఉంటుంది. సూచీ 3కు చేరితే రక్షణ మొదలుపెట్టాలి, 8కి చేరితే మిట్టమధ్యాహ్నం బయట ఉండకపోవడమే మేలు. సూచీ అందుబాటులో లేనప్పుడు మీ నీడను చూసుకోండి. అది మీ ఎత్తుకన్నా పొట్టిగా ఉంటే కిరణాలు తీవ్రంగా ఉన్నట్లే.

అపోహ: ఎండలో ఉన్నప్పుడు ఒళ్లు ఎర్రబడలేదు, మంట పుట్టలేదు కాబట్టి ఏమీ కానట్లే.

వాస్తవం: ఎరుపు సాధారణంగా 3 నుంచి 5 గంటల తర్వాత మొదలై, 12 నుంచి 24 గంటల మధ్య తారస్థాయికి చేరుతుంది. అంటే మంట తెలిసి నీడలోకి వెళ్లేవారు అప్పటికే చాలా ఆలస్యం చేసినట్లు. యూవీబీ తగిలిన క్షణంలోనే చర్మకణాల డీఎన్ఏలో పక్కపక్కనున్న అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. కణం తన మరమ్మతు వ్యవస్థతో ఆ భాగాన్ని కత్తిరించి కొత్తది అతికిస్తుంది. ఈ మరమ్మతు పద్ధతిని వివరించినందుకే అజీజ్ సాంజార్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. పుట్టుకతోనే ఈ వ్యవస్థ సరిగా పనిచేయని జీరోడెర్మా పిగ్మెంటోజమ్ అనే అరుదైన జబ్బులో పసితనంలోనే చర్మ క్యాన్సర్లు వస్తాయంటే, ఈ మరమ్మతు మనల్ని రోజూ ఎంతగా కాపాడుతోందో ఊహించవచ్చు. బాగుచేయలేనంతగా దెబ్బతిన్న కణాలు తమంతట తామే చనిపోతాయి, నాలుగైదు రోజుల తర్వాత పొట్టులా రాలేది చాలావరకు అవే. నీడలోకి వచ్చాక కూడా మూడు గంటలకు పైగా డీఎన్ఏకు కొంత హాని కొనసాగుతుందనీ, అందులో చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌కే పాత్ర ఉందనీ 2015లో వెలువడిన పరిశోధన తేల్చింది.

అపోహ: నల్లని చర్మానికి ఎండ ఏమీ చేయదు.

వాస్తవం: మెలనిన్ నిజంగానే రక్షణ ఇస్తుంది, కానీ దానికి హద్దు ఉంది. బాగా నల్లని చర్మం పైపొర ఇచ్చే రక్షణను, సన్‌స్క్రీన్ క్రీముల రక్షణను కొలిచే ఎస్‌పీఎఫ్ లెక్కలో చెబితే అది 13 దగ్గర ఉంటుందని కొలతలు చెబుతున్నాయి. తెల్లని చర్మంలో అది 3కు కాస్త ఎక్కువ. అసలు చిక్కు ఏమిటంటే, ముదురు రంగు చర్మంలో ఎరుపు కంటికి ఆనదు. కమిలిన చోట వేడిగా, బిగుతుగా ఉంటుంది, తాకితే నొప్పి పుడుతుంది. రోగి దాన్ని అలసట అనుకుంటారు, కొన్నిసార్లు వైద్యులు కూడా పోల్చుకోలేరు. ఈ చర్మానికి ఎండ వల్ల కలిగే ప్రధాన బాధ మంగు, నల్ల మచ్చలు. వాటిని అతినీలలోహిత కిరణాలే కాక కంటికి కనిపించే వెలుతురు కూడా ముదిరేలా చేస్తుంది కాబట్టి, మంగు ఉన్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ ఎక్కువ మేలు చేస్తుంది. ఈ సంగతి చెప్పకుండా మచ్చలకు పూతమందు మాత్రమే రాసివ్వడం సగం వైద్యమేనని నా అభిప్రాయం.

అపోహ: ముందే కొద్దికొద్దిగా ఎండ తగలనిచ్చి ఒళ్లు నల్లబరచుకుంటే తర్వాత కమలదు.

వాస్తవం: అలా వచ్చిన నలుపు ఇచ్చే రక్షణ ఎస్‌పీఎఫ్ 3 లేదా 4కు సమానం. దెబ్బతిన్న డీఎన్ఏకు స్పందనగానే ఆ నలుపు వస్తుంది కాబట్టి, అది హాని జరిగాక కనిపించే గుర్తు.

అపోహ: ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ ఉదయం ఒకసారి రాసుకుంటే రోజంతా నిశ్చింత.

వాస్తవం: ఎస్‌పీఎఫ్ అంకె యూవీబీకి సంబంధించినది, గంటల లెక్క కాదు. ఎస్‌పీఎఫ్ 15 సుమారు 93 శాతం, 30 సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం కిరణాలను ఆపుతాయి. ప్రయోగశాలలో ఈ అంకెలు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున మందంగా పూసినప్పుడు వచ్చినవి. చాలామంది అందులో సగమో, అంతకన్నా తక్కువో రాసుకుంటారు, అందుకే డబ్బా మీద ఉన్న రక్షణ ఒంటి మీద ఉండదు. ముఖానికీ మెడకూ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలుగా పిండిన క్రీము కావాలి, పెద్దవారి ఒళ్లంతటికీ సుమారు 30 మిల్లీలీటర్లు కావాలి. చెవుల అంచులు, మెడ వెనుక భాగం, పెదవులు, పాదాల పైభాగం, జుట్టు పలుచబడిన చోట నడినెత్తి మరిచిపోయే చోట్లు. బయటికి వెళ్లడానికి పావుగంట ముందు రాసుకుని, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి, చెమట పట్టినా, ఈత కొట్టినా, తువాలుతో తుడుచుకున్నా వెంటనే మళ్లీ రాసుకోవాలి. యూవీఏ రక్షణ కోసం డబ్బా మీద ‘బ్రాడ్ స్పెక్ట్రమ్’ అన్న మాట గానీ, పీఏ పక్కన ప్లస్ గుర్తులు గానీ ఉన్నాయో లేదో చూడాలి.

సన్‌స్క్రీన్ రాసుకున్నామన్న ధైర్యంతో ఎండలో ఎక్కువసేపు ఉండడం మాత్రం సరికాదు. నీడ, దుస్తులు, టోపీ ముందు రావాలి, అవి కప్పలేని చోటికే క్రీము. ఆరు నెలల లోపు పసిపిల్లలకైతే క్రీము మీద ఆధారపడకుండా నీడలో ఉంచి, తేలికైన బట్టలతో ఒళ్లంతా కప్పాలి.

ఇక ‘క్రీము వాడితే విటమిన్ డి తగ్గిపోతుంది’ అన్న భయం గురించి. మామూలు జనం రోజువారీగా వాడే తీరులో అలాంటి లోపం సాధారణంగా రాదు. జబ్బు వల్ల ఎండకు పూర్తిగా దూరంగా ఉండవలసినవారికి మాత్రం రక్తపరీక్ష చేసి మాత్రలు ఇస్తే సరిపోతుంది. ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 1992లో మొదలైన అధ్యయనంలో, సన్‌స్క్రీన్ రోజూ రాసుకున్నవారిలో స్క్వామస్ సెల్ అనే రకం చర్మ క్యాన్సర్లు సుమారు 40 శాతం తగ్గాయి. అంత మేలు చేసే వస్తువును ఈ భయంతో పక్కన పెట్టడం తగదు.

అపోహ: అద్దం వెనుక, బట్టల కింద ఉంటే ఇక ఎండ తగలదు.

వాస్తవం: మామూలు కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏలో చాలా భాగాన్ని వదిలేస్తుంది. 28 ఏళ్లు ట్రక్కు నడిపిన ఒక వ్యక్తి ముఖచిత్రాన్ని ఒక అమెరికన్ వైద్య పత్రిక 2012లో ప్రచురించింది. కిటికీ వైపున్న చెంప మందంగా, లోతైన ముడతలతో వేలాడుతుండగా, రెండో వైపు చర్మం అతని వయసుకు తగినట్లే ఉంది. అన్నేళ్లలో ఆ చెంప కమిలి నొప్పి పెట్టి ఉంటే అతను ముందే జాగ్రత్తపడేవాడేమో.

బట్టల విషయంలో నేత ముఖ్యం. వెలుతురుకు పట్టుకుని చూస్తే అవతల వైపు కనిపించే పలుచని తెల్లని నూలు టీషర్టు రక్షణ, బట్టలకు వాడే యూపీఎఫ్ కొలతలో 5 నుంచి 7 మాత్రమే, తడిస్తే ఇంకా తగ్గుతుంది. చిక్కని నేత, ముదురు రంగు, వదులైన పొడుగు చేతులు మేలు. టోపీకి ముందు మాత్రమే కాక చుట్టూ అంచు ఉండాలి.

అపోహ: కమిలిన చోట ఐసు, వెన్న, టూత్‌పేస్టు రాస్తే మంట లాగేస్తుంది.

వాస్తవం: ఐసు నేరుగా పెడితే దెబ్బతిన్న చర్మం ఇంకా దెబ్బతింటుంది, వెన్న వేడిని లోపలే నిలుపుతుంది, టూత్‌పేస్టు మంటను పెంచుతుంది. చల్లని నీటిలో తడిపిన మెత్తని గుడ్డను పది, పదిహేను నిమిషాల చొప్పున పలుమార్లు వేసి, చర్మం కాస్త తడిగా ఉండగానే సువాసన లేని మాయిశ్చరైజర్ రాయాలి. నీళ్లు బాగా తాగాలి, నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. బొబ్బలను చిదపకూడదు, వాటి పైపొరే పుండుకు కట్టు. బొబ్బలు ఒంటి మీద పెద్ద భాగంలో లేచినా, జ్వరం, వణుకు, వాంతులు, తికమక ఉన్నా, రోగి పసిబిడ్డ అయినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

అపోహ: ఎండకు వచ్చే దద్దుర్లన్నీ కమలడమే, లేదంటే ఒంటి వేడి.

వాస్తవం: ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఎండ ప్రతిచర్యలు చాలా రకాలు. వాటిని వేరుచేయడానికి వైద్యులు మొదట అడిగే ప్రశ్న ‘ఎండ తగిలిన ఎంతసేపటికి వచ్చింది, ఎంతసేపు ఉంది’ అన్నది. నిమిషాల్లో దద్దుర్లు ఉబ్బి, నీడలోకి వెళ్లిన ఒకటి రెండు గంటల్లో ఆనవాలు లేకుండా మాయమైతే అది సోలార్ అర్టికేరియా కావచ్చు. ఒళ్లంతా ఒకేసారి ఎండ తగిలితే ఇందులో స్పృహ తప్పే ప్రమాదం కూడా ఉంది. ఎండలో తిరిగిన కొన్ని గంటలకో, మర్నాడో మెడ కింద, ముంజేతుల మీద విపరీతమైన దురదతో చిన్న పొక్కులు వచ్చి కొన్ని రోజులు ఉంటే, అది పాలీమార్ఫస్ లైట్ ఎరప్షన్ అయ్యే అవకాశం ఎక్కువ. రోజూ ఎండ తగిలే ముఖం మీద ఇది తరచు రాదు. ఎండ తగిలిన చాలా రోజుల తర్వాత ముక్కు పైనా రెండు చెంపల పైనా ఎరుపు పరుచుకుని, ముక్కు పక్కల నుంచి దిగే మడతలను మాత్రం వదిలేస్తే, కీళ్ల నొప్పులు, నోటిపూత కూడా ఉంటే, రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ అనే జబ్బుకు పరీక్షలు చేయించాలి.

మందులూ కారణం కావచ్చు. యాంటీబయాటిక్ అయిన డాక్సీసైక్లిన్, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్, గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే అమియోడరోన్, నొప్పులకు ఇచ్చే నాప్రోక్సెన్ వంటివి వాడేవారికి కొద్దిపాటి ఎండకే చర్మం తీవ్రంగా కమలవచ్చు. నొప్పులకు పూసే కీటోప్రొఫెన్ జెల్ ఎండ తగిలితే అలర్జీ తెస్తుంది. ఇలాంటప్పుడు చర్మాన్ని దగ్గరగా చూస్తే సాక్ష్యం దొరుకుతుంది. చొక్కా కాలరు దగ్గర, గడియారం పట్టీ దగ్గర గీత గీసినట్లు ఎరుపు ఆగిపోతుంది. గడ్డం నీడ పడే మెడ భాగం, చెవుల వెనుక, కనురెప్పల పైభాగం మామూలుగా ఉంటాయి. నిమ్మరసం, అత్తి పాలు చర్మానికి అంటిన తర్వాత ఎండ తగిలితే కథ వేరు. రసం కారిన దారి పొడవునా చారలుగా, చుక్కలుగా, ఒక్కోసారి వేళ్ల ముద్రలుగా రెండు మూడు రోజుల్లో బొబ్బలు లేచి, ఆపైన గోధుమరంగు మచ్చలు నెలల తరబడి ఉంటాయి. పిల్లల ఒంటి మీద ఇలాంటి ముద్రలు చూసి ఎవరో కొట్టారని అనుమానించిన సందర్భాలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి.

వీటిలో చాలావరకు వైద్యుడి దగ్గరికి చేరేలోపే తగ్గిపోయి, చూపించడానికి ఏమీ మిగలదు. కాబట్టి దద్దుర్లు ఉన్నప్పుడే మంచి వెలుతురులో ఒకటి దగ్గరగా, ఒకటి కాస్త దూరంగా ఫోన్‌తో ఫొటోలు తీయండి. ఎండలోకి ఎప్పుడు వెళ్లారో, ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు తగ్గిందో రాసి పెట్టండి. వాడుతున్న మాత్రల పట్టీలు, పూతమందుల ట్యూబులు అన్నీ వెంట తీసుకురండి. అనుమానం వచ్చినంత మాత్రాన గుండె మందో, బీపీ మందో మీ అంతట మీరు ఆపకండి. మార్చవలసిన అవసరం ఉంటే ఆ మందు రాసిన వైద్యుడితో మాట్లాడి మార్పించవచ్చు, అప్పటివరకు ఎండను తప్పించుకుంటే చాలు.