సాన్ కాలిస్టో సమాధుల గురించి పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

రోములో నేను భూగర్భ సమాధులు చూశానని తెలియగానే, సైనికులకు భయపడిన క్రైస్తవులు వాటిలోనే కాపురం ఉండేవారా అని మీరు అడిగారట. కథగా వినడానికి అది బాగానే ఉంటుంది గానీ నిజం కాదు. గాలీ వెలుతురూ చాలని ఆ సందుల్లో ఎవరూ రోజుల తరబడి బతకలేరు. పైగా అవి ఎక్కడున్నాయో అధికారులకు తెలియనివేమీ కావు. అవి మొదటి నుంచీ శ్మశానాలే.

మరి భూమి కింద ఎందుకు తవ్వారు? నగరం లోపల శవాన్ని పూడ్చరాదని రోమనుల పాత చట్టం, కనుక సమాధులన్నీ అప్పియా వంటి రహదారుల వెంట ఊరి వెలుపలే వెలిశాయి. మృతులు తిరిగి లేస్తారని నమ్మిన క్రైస్తవులు దేహాన్ని దహనం చేయక పూడ్చేవారు. అందుకు చాలినంత నేల కొనడం పేదలకు సాధ్యం కాదు గనుక, ఉన్న స్థలం కిందనే లోతుకు తవ్వుతూ పోయారు. అక్కడి టఫ్ అనే అగ్నిపర్వత శిల తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. ఈ ఒక్క గుణమే లేకుంటే నాలుగు అంతస్తులుగా, దాదాపు 20 కిలోమీటర్ల మేర ఆ సొరంగాలు నిలిచేవి కావు.

గోడలకు ఇరువైపులా రైలు బెర్తుల వలె ఒకదానిపై ఒకటిగా అరలు ఉంటాయి. శవాన్ని గుడ్డలో చుట్టి అరలో ఉంచి, పాలరాతి పలకతోనో ఇటుకలతోనో మూసి సున్నంతో అతికించేవారు. దగ్గరగా చూస్తే గోడ మీద గునపపు గీతలు నేటికీ కనిపిస్తాయి. పెద్దవాటి మధ్య మూరెడు పొడవైన అరలు కూడా ఉన్నాయి, అవి పసిపిల్లలవి. నాకు మిగతా వైభవం కన్నా అవే ఎక్కువ గుర్తున్నాయి.

9వ శతాబ్దంలో పుణ్యపురుషుల అస్థికలను నగరంలోని చర్చిలకు తరలించాక ఈ చోటును జనం క్రమంగా మరిచిపోయారు. 1849లో డి రోస్సి అనే పురావస్తు పరిశోధకుడికి అక్కడి ద్రాక్షతోటలో పాలరాతి ముక్క ఒకటి దొరికింది. దానిపై సగం మాత్రమే మిగిలిన పేరు పోప్ కొర్నేలియుస్‌దని ఆయన ఊహించి, మిగతా ముక్క కోసం వెతికి సాధించాడు. 1854లో 3వ శతాబ్దపు పోపుల సమాధి గది కూడా బయటపడింది.

మీరు వెళ్ళినప్పుడు గైడు వెంట లేనిదే లోపలికి పంపరు, ఫోటోలు తీయనివ్వరు. ఎండాకాలమైనా ఒక స్వెట్టరు పట్టుకెళ్ళండి.

ఇట్లు,
మీ తాతయ్య