తోటివాళ్ల చేతుల్లోనే పోయారు

చిరంజీవులకు దీవెనలు.

ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటన్ పాలన మీద పోరాడతామని బయల్దేరినవాళ్లు తమలో తామే ఎందుకు చంపుకున్నారని అడిగారు కదా. ఐరిష్ నేషనల్ లిబరేషన్ ఆర్మీ (ఐఎన్ఎల్ఏ) సంగతి చెబుతాను, వినండి.

1972లో అఫీషియల్ ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ చీలికల్లో ఒకటి) కాల్పుల విరమణ ప్రకటించింది. అది మింగుడుపడని ఆ సంస్థ నాయకుడు షేమస్ కాస్టెల్లో 1974 డిసెంబరులో డబ్లిన్ దగ్గర వేరే పార్టీ పెట్టాడు. దాని సాయుధ విభాగమే ఐఎన్ఎల్ఏ. చీలినప్పుడే పగ పుట్టింది. మరుసటి ఏడాదే బెల్‌ఫాస్ట్‌లో నిన్నటి సహచరులు ఒకళ్లనొకళ్లు కాల్చుకున్నారు. 1977లో కాస్టెల్లోనూ డబ్లిన్‌లో అతని కారులోనే కాల్చి చంపారు.

వీళ్లకు తెగువ లేదనుకోకండి. 1981 జైలు నిరాహారదీక్షలో ప్రాణాలు వదిలిన పదిమందిలో ముగ్గురు ఈ సంస్థవాళ్లే. అదే సంస్థ 1982లో ఉత్తర ఐర్లండ్‌లోని బాలికెల్లీలో ఒక డిస్కోలో బాంబు పెట్టి 17 మందిని చంపింది. వాళ్లలో ఆరుగురు మామూలు జనం. ఆ ముగ్గురిని తలుచుకునేటప్పుడు ఈ 17 మందినీ తలుచుకోవాలి.

ఆ తర్వాత హ్యారీ కిర్క్‌పాట్రిక్ అనే సభ్యుడు అప్రూవరుగా మారాడు. అతని సాక్ష్యంతో చాలామందికి శిక్షలు పడ్డాయి. 1986 చివర్లో అప్పీలు కోర్టు వాటిని కొట్టేసింది. గెరార్డ్ స్టీన్సన్ లాంటివాళ్లు బయటికొచ్చారు. ఎవరు ఎవరి మనిషో ఎవరికీ నమ్మకం లేని రోజులవి. సంస్థనే రద్దు చేయాలని ఒక వర్గం పట్టుబట్టి ఐపీఎల్ఓ (ఐరిష్ పీపుల్స్ లిబరేషన్ ఆర్గనైజేషన్) పేరుతో వేరుపడింది. స్టీన్సన్ ఈ వర్గంవాడే. 1987 జనవరి 20న రాజీ మాటలకని ఐర్లండ్‌లోని ద్రొహెడాలో ఒక హోటల్‌కు వచ్చిన ఐఎన్ఎల్ఏ నాయకులు జాన్ ఓరైలీనీ, థామస్ 'టా' పవర్‌నీ ఆ వర్గం కాల్చి చంపింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది పవర్ చావే. ఆయుధం రాజకీయాల చెప్పుచేతల్లో ఉండాలనీ, లేకపోతే ఈ చీలికలు ఆగవనీ జైల్లో కూర్చుని రాసినవాడు అతను. మార్చిలో స్టీన్సన్ కూడా హతుడయ్యాడు. మూడు నెలలు తిరక్కుండానే సుమారు డజనుమంది పోయారు.

రహస్య సంస్థలో తగవు వస్తే తీర్చేదెవరు? అందరూ కూడే సభ లేదు, ఓటు లేదు, మధ్యవర్తి మాటకు విలువ లేదు. అనుమానమే సాక్ష్యం, తుపాకీయే తీర్పు. 1996లో మళ్లీ అదే జరిగింది. ఐఎన్ఎల్ఏ నాయకుడు జీనో గలహర్ హత్యతో రాజుకున్న పగలో, బెల్‌ఫాస్ట్‌లో తొమ్మిదేళ్ల పాప ఇంట్లోనే తూటాకు బలైంది. ఆ పాపకు ఏ వర్గం?

సాయుధ పోరాటం ముగిసిందని ఐఎన్ఎల్ఏ 2009లో ప్రకటించింది. పెద్దయ్యాక పవర్ రాసింది చదవండి. నా మాటల్లో ఒప్పుకోలేనివి ఉంటే నిర్మొహమాటంగా రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య